పైపు రోలింగ్: ఒకే కొలతకు 5 కమానులు ఒక్కలా రాలేదు, సలహా కావాలి

నరసన్నపేట వెల్డింగ్ | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తున్నాను. మా రామమందిరం ముందు పందిరి వేసే పని ఊరివాళ్ళు నాకు అప్పగించారు. మామూలు వాలు రేకు వద్దు, గుడి ముందు కాబట్టి కమాను ఆకారంలో కావాలన్నారు. వెడల్పు 6 మీటర్లు, పొడవు 9 మీటర్లు, కమాను మధ్యలో ఎత్తు, అంటే రైజ్, 1.2 మీటర్లు. మొత్తం 5 కమానులు, రెండింటి మధ్య 2.25 మీటర్లు. పైపు 50 ఎన్.బి., అంటే మనం రెండు అంగుళాల పైపు అంటామే, అది.

నా దగ్గర రోలింగ్ మెషిన్ లేదు. వేరే ఊళ్ళో ఒక షాపుకి పైపులు తీసుకెళ్ళి ఐదూ ఒకే రోజు, ఒకే సెట్టింగ్ మీద వంపించాను. కమాను పొడవు 6.62 మీటర్లు వస్తుందని ముందే లెక్క వేసుకున్నాను. పైపు 6 మీటర్లే వస్తుంది కదా, అందుకని ముక్క అతికి 6.65 మీటర్లు చేసి ఇచ్చాను.

ఇంటికి తెచ్చి నేల మీద పరిచి దారం పట్టి చూస్తే గుండె జారిపోయింది. మూడు కమానులు సరిగ్గా కలిశాయి. మిగతా రెండింటికి రైజ్ 3 అంగుళాలు తక్కువ, స్పాన్, అంటే వెడల్పు, 3 అంగుళాలు ఎక్కువ. ఆ రెండూ కొంచెం నొక్కుకుపోయినట్టు కూడా ఉన్నాయి. ఇక ఐదింటికీ రెండు చివరలా అడుగు మేర వంపే రాలేదు, తిన్నగా ఉండిపోయాయి.

ఇది ఊరి చందా డబ్బు. శ్రీరామనవమికి పందిరి నిలబడాలి. ఎక్కడ తప్పు జరిగిందో తెలిసినవాళ్ళు చెప్పండి.

పైపుల కొట్టు, విజయనగరం | సోమవారం, రాత్రి 9:48

నమస్తే అండీ. ముందు ఒక పని చేయండి. ఐదు పైపుల మీదా రంగు పట్టీ ఏముందో చూడండి. పసుపు పట్టీ ఉంటే ఎ క్లాస్, నీలం ఉంటే బి క్లాస్, ఎరుపు ఉంటే సి క్లాస్. 50 ఎన్.బి.లో ఏ క్లాసుకైనా బయటి వ్యాసం దాదాపు ఒకటే, 60.3 మి.మీ. గోడ మందం మాత్రం వేరు: ఎ క్లాస్ 2.9, బి క్లాస్ 3.6, సి క్లాస్ 4.5 మి.మీ. బయటనుంచి చూస్తే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

పట్టీ చెరిగిపోతే తూకం వేయండి. బయటి వ్యాసంలోంచి మందం తీసేసి, దాన్ని మందంతో గుణించి, 0.02466తో గుణిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. బి క్లాస్‌కి 5.03 కిలోలు. ఎ క్లాస్‌కి 4.1 కిలోలు. 6 మీటర్ల పైపు మీద ఐదున్నర కిలోల తేడా, తూకంలో దాగదు.

నరసన్నపేట వెల్డింగ్ | సోమవారం, రాత్రి 10:31

టార్చ్ పట్టుకుని వెళ్ళి చూశాను. మీరన్నదే నిజం. కలిసిన మూడూ నీలం పట్టీ. తేడా వచ్చిన రెండూ పసుపు. మూడే స్టాకు ఉన్నాయని మిగతా రెండూ ఇంకో కొట్లో కొన్నాను. బిల్లులో "రెండు అంగుళాల పైపు" అని మాత్రమే రాశారు, నేనూ అడగలేదు. అయితే పలచటి పైపు కాబట్టే వంపు విచ్చుకుపోయిందా?

ఆటోనగర్ రోలింగ్ | మంగళవారం, ఉదయం 7:05

తమ్ముడూ, గాజువాక ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని నాది. నీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి, విడివిడిగా చెబుతాను.

నొక్కుకుపోవడం పలచదనం వల్లే. గోడ పలచగా ఉంటే రోలర్ నొక్కుడికి పైపు గుండ్రం పోయి కోడిగుడ్డులా అవుతుంది. రోలర్ గాడి 60.3కి సరిపోకుండా పెద్ద పైపుదైతే ఇంకా త్వరగా నొక్కుకుంటుంది. కాలిపర్స్ పెట్టి నిలువు, అడ్డం రెండూ కొలువు, ఎంత పోయిందో తెలుస్తుంది.

వంపు విచ్చుకోవడం మాత్రం మందం వల్ల కాదు. చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ కొన్నేళ్ళు అలాగే అనుకున్నాను. బయటి వ్యాసం ఒకటే అయినప్పుడు, పలచటి పైపును వంచడానికి బలం తక్కువ పడుతుంది, వెనక్కి లాగే బలం కూడా అంతే తక్కువ ఉంటుంది. రెండూ చెల్లుకుపోతాయి. ఈ విచ్చుకోవడాన్ని, అంటే స్ప్రింగ్ బ్యాక్‌ని నిర్ణయించేది ఇనుము గట్టిదనం, అంటే ఈల్డ్ (ఇనుము మళ్ళీ వెనక్కి రాకుండా వంగడం మొదలయ్యే బలం). నీ పసుపు పట్టీ పైపులు వేరే మిల్లువి, వేరే బ్యాచ్‌వి అయి ఉంటాయి.

ఒక లెక్క చెబుతాను. 6 మీటర్ల స్పాన్, 1.2 రైజ్‌కి రేడియస్ 4.35 మీటర్లు. 240 ఈల్డ్ (చదరపు మి.మీ.కి న్యూటన్లలో) ఉన్న పైపుకి ఆ రేడియస్ రావాలంటే మెషిన్‌లో ఉన్నప్పుడు 3.52 మీటర్ల దాకా వంచాలి. వదలగానే విచ్చుకుని 4.35కి వస్తుంది. అదే సెట్టింగ్ మీద 310 ఈల్డ్ పైపు పెడితే విచ్చుకుని 4.67 దగ్గర ఆగుతుంది. నీ పైపు పొడవుకి రైజ్ 7 సెంటీమీటర్లు తగ్గుతుంది, స్పాన్ 8 పెరుగుతుంది. నువ్వు చెప్పిన 3 అంగుళాలు అదే. పైపుల ప్రమాణం ఐ.ఎస్. 1161లో 240 గ్రేడూ ఉంది, 310 గ్రేడూ ఉంది. కొట్లో రెండూ పక్కపక్కనే పడి ఉంటాయి.

అందుకే మా దగ్గర సెట్టింగ్ నంబర్‌ని నమ్మి ఐదు పైపులు వరసగా తోసెయ్యం. ప్రతి పైపునూ కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు నడిపి, ప్రతిసారీ ప్లైవుడ్ టెంప్లేట్ ఆనించి చూస్తాం. టెంప్లేట్‌కీ పైపుకీ మధ్య వెలుతురు ఎక్కడ కనిపిస్తుందో చూసుకుని మళ్ళీ నొక్కుతాం. చివరి పాస్‌లో స్క్రూ పావు తిప్పు కూడా లెక్కే. ఎక్కువ వంగితే విప్పడం కష్టం, తక్కువ వంగితే ఇంకొకసారి నడిపితే సరి.

నరసన్నపేట వెల్డింగ్ | మంగళవారం, ఉదయం 7:40

అన్నా, కాలిపర్స్ పెట్టాను. ఒక వైపు 56, ఇంకో వైపు 63. రైజ్ కోసం మళ్ళీ నడిపిస్తే ఇంకా నొక్కుకుపోతాయేమో. మరి చివరల సంగతి?

ఆటోనగర్ రోలింగ్ | మంగళవారం, ఉదయం 8:15

ఆ రెండూ పక్కన పెట్టెయ్. వేరే చిన్న పనికి ముక్కలుగా వాడుకో. కమానుకి మాత్రం వద్దు.

చివరల సంగతి అన్ని మూడు రోలర్ల మెషిన్లకీ ఉండేదే. వంపు పడాలంటే పైపు మూడు రోలర్లకీ ఒకేసారి తగలాలి. పైపు కొస పక్క రోలర్ దాటి మధ్య రోలర్ వైపు వచ్చేసరికి దానికి ఆనడానికి ఏమీ ఉండదు, ఆ ముక్క తిన్నగా మిగులుతుంది. నాలుగు రోలర్ల మెషిన్‌లో ఇది చాలా తగ్గుతుంది, కానీ మన జిల్లాల్లో పైపు పనికి ఎక్కువగా మూడు రోలర్లే. అందుకని రెండు వైపులా అడుగు చొప్పున అదనంగా ఇచ్చి, వంపు పడ్డాక కోసేసుకోవాలి. నువ్వు 6.65 కాకుండా 7.25 ఇచ్చి ఉండాల్సింది. ఈ మాట ఆ షాపు వాళ్ళే నీకు ముందు చెప్పాలి. నాకు బాధ అనిపించింది అది చదివి.

ఇంకోటి, ఈ.ఆర్.డబ్ల్యు. పైపు, అంటే రేకును చుట్టి కరెంటుతో అతికిన పైపు, లోపల నిలువునా అతుకు గీత ఉంటుంది. వంచేటప్పుడు ఆ గీత కమాను పైకీ రాకూడదు, కిందకీ రాకూడదు, పక్కకి ఉండాలి. పైన సాగుడు, కింద నొక్కుడు, పక్కన రెండూ ఉండవు. సుద్దముక్కతో గీత మీద గుర్తు పెట్టి లోపలికి పంపాలి.

రాజాం సొంతిల్లు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

క్షమించండి, మధ్యలో వస్తున్నాను. ఇనుము వంచడం గురించే కాబట్టి అడుగుతున్నా. మా ఇంటి పునాది దగ్గర కాలమ్ రాడ్లు పక్కకి ఒరిగితే మేస్త్రీ గ్యాస్‌తో ఎర్రగా కాల్చి నిటారుగా చేశాడు. 16 మి.మీ. టి.ఎం.టి. పర్వాలేదా? రాత్రి నిద్ర పట్టలేదు.

స్ట్రక్చరల్, శ్రీకాకుళం | మంగళవారం, మధ్యాహ్నం 2:02

పర్వాలేదు అని చెప్పలేనండి. టి.ఎం.టి. రాడ్డు బలమంతా పై పొరలో ఉంటుంది. మిల్లులో ఎర్రటి రాడ్డు మీద నీళ్ళు కొట్టి పై పొరను గట్టిపరుస్తారు, లోపలి వేడితో అది మళ్ళీ కొంత మెత్తబడుతుంది. ఎర్రగా కాలిస్తే ఆ పొర గుణం పోతుంది. ఆ చోట అది మామూలు ఇనుము కిందే లెక్క. మీ ఇంజనీరుకి చూపించి, కాలిన రాడ్ల పక్కన కొత్తవి డ్రిల్ చేసి నాటడమో, పునాది దాకా విప్పి సరిచేయడమో వారితో తేల్చుకోండి. కాంక్రీటు పడకముందే ఈ పని అయిపోవాలి.

చల్లగా వంచడంలో కూడా హద్దు ఉంది. రాడ్ల ప్రమాణం ఐ.ఎస్. 1786 ప్రకారం ఫె 500 డి గ్రేడు రాడ్డు 20 మి.మీ. వరకూ దాని వ్యాసానికి 3 రెట్లు ఉన్న గుండ్రటి మొల చుట్టూ వంచినా పగలకూడదు, మామూలు ఫె 500కి 4 రెట్లు. మన దగ్గర బల్ల మీద రెండు మేకులు కొట్టి వాటి మధ్య పెట్టి విరుస్తారు, అక్కడ వంపు సూదిమొనలా వస్తుంది. కాలమ్ రాడ్ల చుట్టూ కట్టే రింగుల కొక్కెం 135 డిగ్రీలు లోపలికి తిరగాలి, తోక కనీసం 65 మి.మీ. ఉండాలి. 90 దగ్గర ఆపేస్తే కదలిక వచ్చినప్పుడు రింగు తెరుచుకుంటుంది.

మీ విషయానికి వేరే టాపిక్ తెరవండి, ఫోటోలు పెట్టండి, తప్పకుండా చూస్తాను.

ఇప్పుడు నరసన్నపేట వారికి. మీ మూడు మంచి కమానుల చివరలు తిన్నగా ఉన్నాయని బాధపడకండి. లెక్క వేసి చూశాను. మధ్యలో 6.05 మీటర్లు వంపు, చెరో చివరా 30 సెంటీమీటర్లు తిన్నగా ఉంటే, మొత్తం స్పాన్ మూడున్నర సెంటీమీటర్లే పెరుగుతుంది. రైజ్ దాదాపు 1.2 దగ్గరే ఉంటుంది. బేస్ ప్లేట్లు ఇంకా కాంక్రీటులో పెట్టలేదు కదా? పెట్టకపోతే బోల్టుల దూరం ఆ మేరకు జరుపుకోండి. కొత్తగా వంపించే రెండింటినీ కూడా ఈ మూడింటిలాగే చివరలు తిన్నగా ఉంచి చేయించండి. రేకు కూడా చూరు దగ్గర తిన్నగానే కూర్చుంటుంది.

నరసన్నపేట వెల్డింగ్ | మంగళవారం, సాయంత్రం 6:30

పెట్టలేదు సార్, గుంతలు తవ్వి ఉంచానంతే. మీ మాట విన్నాక ప్రాణం లేచొచ్చింది.

కొలిమి ఇంటి అబ్బాయి, సాలూరు | మంగళవారం, రాత్రి 8:55

ఈ చర్చ చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. మాది కమ్మరి ఇల్లు. ఇప్పుడు నేను విశాఖలో సి.ఎన్.సి. (కంప్యూటర్ నడిపే) మెషిన్ మీద పని చేస్తున్నాను కానీ, ఇనుము వంచడం నేను మొదట చూసింది మా కొలిమి దగ్గరే.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేయించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చేవారు. తాత చక్రం చుట్టూ దారం తిప్పి ముడి వేసేవాడు. తర్వాత పట్టాను దాగలి మీద చల్లగానే, జానెడు జానెడు జరుపుతూ సమ్మెటతో వంచేవాడు. దెబ్బ ఎక్కడా రెండోసారి అదే చోట పడేది కాదు. పట్టా పొడవు కోసేటప్పుడు దారం కొలతకి పట్టా మందానికి మూడు రెట్లూ మరికాస్తా కలిపేవాడు, తర్వాత వేలెడు మందం తగ్గించేవాడు. ఎందుకలా అని అడిగితే "లోపలి చుట్టు వేరు, బయటి చుట్టు వేరురా" అనేవాడు.

ఐ.టి.ఐ.లో చేరాక తెలిసింది. వంచినప్పుడు లోపలి అంచు కురచవుతుంది, బయటి అంచు సాగుతుంది, నడిమధ్య గీత మాత్రమే అసలు పొడవులో ఉంటుంది. అందుకే లోపలి వ్యాసానికి మందం కలిపి 3.14తో గుణించాలి. అర అంగుళం పట్టాకి ఆ తేడా అంగుళంన్నర పైనే. తాత ఆ సూత్రం పేరు వినలేదు, లెక్క మాత్రం తప్పలేదు.

తర్వాత పిడకలు గుండ్రంగా పేర్చి పట్టాను కాల్చేవారు. నాలుగడుగుల చక్రం పట్టా 400 డిగ్రీలు వేడెక్కితే చుట్టుకొలత 18 మి.మీ. దాకా పెరుగుతుంది. నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించగానే చెక్క మంట అంటుకునేది, మేము పిల్లలం బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళం. బిగుసుకుంటూ ఆకులన్నీ కిర్రుమని చప్పుడు చేసేవి. ఆ చప్పుడు వింటే తాత మొహంలో నవ్వు వచ్చేది.

నరసన్నపేట అన్నా, మీరు కొలిచిన 6.62 పైపు మధ్య గీతదా, కింది అంచుదా? 60 మి.మీ. పైపుకి ఆ రెంటికీ నాలుగైదు సెంటీమీటర్లు తేడా వస్తుంది. టెంప్లేట్ కోసేటప్పుడు అది కింది అంచుకి ఆనుతుంది కాబట్టి దాని రేడియస్‌లో 30 మి.మీ. తగ్గించి కోయండి.

నరసన్నపేట వెల్డింగ్ | మంగళవారం, రాత్రి 9:30

మధ్య గీతదే తమ్ముడూ. కానీ టెంప్లేట్ సంగతి నాకు తట్టలేదు, 4.35కే కోసేవాడిని. బతికించావు. మీ తాతగారికి నా నమస్కారం.

ఒక పెద్దాయన ఇసక నింపి కాల్చి వంచుకోమన్నాడు, ఇంటి దగ్గరే అయిపోతుంది అని. చేయొచ్చా?

ఆటోనగర్ రోలింగ్ | మంగళవారం, రాత్రి 9:52

ఇంత పెద్ద రేడియస్‌కి అవసరమే లేదు. ఇసక నింపేది బిగువైన వంపుల్లో పైపు చప్పిడి కాకుండా. పైగా ఇసక కాస్త తడిగా ఉన్నా లోపల ఆవిరి పట్టి, కొసన కొట్టిన బిరడా తుపాకీ గుండులా వస్తుంది. జి.ఐ., అంటే జింక్ పూత పైపైతే అసలే వద్దు. జింక్ పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది, మా షాపులో కుర్రాడికి వచ్చింది.

పలాస నుంచి | బుధవారం, ఉదయం 6:45

వంపు సంగతి బాగానే చూస్తున్నారు. గాలి సంగతి కూడా చూడండి బాబూ. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. మా వీధిలో ఒక కమాను షెడ్డు, రేకులు ఊడిపోలేదు, స్తంభాలతో సహా పునాది దిమ్మలు పెళ్ళగించుకుని లేచి పక్క జీడితోటలో పడింది. వెల్డింగ్ ఒక్కటీ తెగలేదు. దిమ్మలు మాత్రం చిన్న బకెట్లంత ఉన్నాయి.

స్ట్రక్చరల్, శ్రీకాకుళం | బుధవారం, ఉదయం 9:10

పలాస వారు చెప్పింది ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మన తీరానికి గాలి లెక్కల ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగంలో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు తీసుకుంటాం. వేగాన్ని దానితోనే గుణించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే 153 కిలోలు. మీ పందిరి 54 చదరపు మీటర్లు. రమారమిగా చూసినా పైకి లాగే బలం 8 టన్నులు. మీ రేకులూ పైపులూ కలిపి టన్ను కూడా ఉండవు. మిగతాదంతా దిమ్మల బరువే పట్టుకోవాలి. పది కాళ్ళు ఉన్నాయి కాబట్టి ఒక్కో దిమ్మ ఎంత ఉండాలో నేను గీసి ఇస్తాను, మట్టి ఎలాంటిదో చెప్పండి.

రెండోది, కమాను కాళ్ళను బయటికి తన్నుతుంది. పై కప్పు మీద చదరపు మీటరుకు 75 కిలోలు అనుకుంటే, ఒక్కో కమాను మీద మీటరుకు 170 కిలోలు. దాన్ని స్పాన్ వర్గంతో గుణించి, రైజ్‌కి 8 రెట్లతో భాగిస్తే 637 కిలోలు. ఒక్కో స్తంభం తలను ఇంత బలం పక్కకి తోస్తుంది. ప్రతి కమానుకీ రెండు కొసలనూ కలుపుతూ టై రాడ్ పెట్టాల్సిందే. గుడి ముందు అడ్డంగా కనిపిస్తుందని ఊరివాళ్ళు వద్దంటారు, ఒప్పుకోకండి. 16 మి.మీ. రాడ్డు, మధ్యలో తిప్పి బిగించుకునే టర్న్ బకిల్, పైన చక్కగా రంగు వేస్తే కంటికి అడ్డు రాదు.

అతుకు సంగతి కూడా. మీరు అతికిన ముక్క కొస దగ్గరే ఉంది కాబట్టి మంచిదే. కమాను కొసలు బోల్టు మీద కూర్చుంటే అక్కడ పైపును వంచే బలం తక్కువ పడుతుంది. కొత్త రెండింటికీ అలాగే చేసి, ఒకదానికి ఎడమ, ఒకదానికి కుడి వచ్చేలా బిగించండి. వంపించకముందే అతికితే వెల్డు పూర్తిగా లోపలిదాకా దిగాలి, పైన గ్రైండ్ చేసి సమం చేయాలి, లేదంటే రోలర్ దగ్గర ఎగురుతుంది. లోపల స్లీవ్, అంటే చిన్న పైపు ముక్క, పెట్టి వంచితే ఆ చోట గట్టిపడి వంపు విరిగినట్టు కనిపిస్తుంది.

నరసన్నపేట వెల్డింగ్ | బుధవారం, రాత్రి 8:20

నల్లరేగడి సార్, ఆరడుగుల తర్వాత గ్రావెల్ తగులుతుంది. నేను అడుగున్నర దిమ్మలు అనుకున్నాను. ఇన్నేళ్ళలో నేను వేసిన షెడ్లన్నీ ఒక్కొక్కటీ కళ్ళ ముందు తిరిగాయి ఇవాళ. వరసగా వెళ్ళి చూసుకుని వస్తాను.

పైపుల కొట్టు, విజయనగరం | బుధవారం, రాత్రి 8:44

రెండు బి క్లాస్ పైపులు పక్కన పెట్టించాను. మీ మూడు నీలం పట్టీ పైపుల మీద అచ్చు చూసి మిల్లు పేరు, గ్రేడు చెప్పండి, దొరికితే అవే ఇస్తాను. వైజాగ్ స్టీల్‌లో రాడ్లు, యాంగిల్, ఛానెల్ తయారవుతాయి కానీ పైపు రాదు. పైపులు రకరకాల మిల్లులవి కలిసి వస్తాయి. ఇకనుంచి బిల్లులో క్లాసు, గ్రేడు రాయించుకోండి. మా కొట్లోనూ ఇవాళ్టినుంచి అడగకపోయినా రాయమని చెప్పాను.

నరసన్నపేట వెల్డింగ్ | తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 10:05

అందరికీ చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. కొత్త పైపులు రెండూ ఆటోనగర్ అన్న దగ్గరే వంపించాను. ముందు మీటరున్నర ముక్క మీద ట్రయల్ చేశారు. తర్వాత ఒక్కో పైపూ నాలుగు పాస్‌లు. చివరి పాస్‌కి ముందు టెంప్లేట్ ఆనిస్తే దాని కొసల దగ్గర గోరు దూరేంత సందు. అన్న స్క్రూ మీద చెయ్యి వేసి అరచేతి వెడల్పు కూడా తిప్పలేదు, మళ్ళీ నడిపారు. ఈసారి టెంప్లేట్ వెనకనుంచి టార్చ్ వేసినా వెలుతురు రాలేదు.

ఇంటికి తెచ్చి ఐదూ ఒకదాని మీద ఒకటి పేర్చాను. పక్కనుంచి చూస్తే ఒకే పైపులా ఉన్నాయి. మా ఆవిడ కూడా వచ్చి చూసింది.

దిమ్మలు సార్ గీసిచ్చినట్టే గ్రావెల్ దాకా దింపాం. ఊళ్ళో కుర్రాళ్ళు వచ్చి తవ్వారు, కూలి తీసుకోలేదు. టై రాడ్ గురించి పెద్దలు కాసేపు వాదించారు. పలాస వారి మెసేజ్ చదివి వినిపించాక ఎవరూ మాట్లాడలేదు.

రేకు ముందే వంచినది ఆర్డర్ పెట్టాను, సోమవారం వస్తుంది. కమానులకి రంగు ఏది వేయాలి? మాకు సముద్రం దగ్గరే, రెడ్ ఆక్సైడ్ రెండేళ్ళకే పొక్కులు వస్తోంది.

ఆటోనగర్ రోలింగ్ | మరుసటి రోజు, ఉదయం 6:50

తుప్పు బాగా గీకించి జింక్ రిచ్ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ, పైన పాలీయురిథేన్ వెయ్ తమ్ముడూ. జాగ్రత్తగా పైపు కొసలు మూసెయ్, ఉప్పుగాలి లోపలికి పోతే లోపలనుంచి తింటుంది. ఒకవేళ గాల్వనైజింగ్‌కి పంపేటట్టయితే మాత్రం మూయకు, రెండు కొసలా కన్నాలు ఉంచు. మూసిన పైపు 450 డిగ్రీల జింక్ తొట్టిలో దిగితే పేలుతుంది, ఈ మాట వాళ్ళకీ చెప్పు.

నవమికి నేనూ వస్తున్నాను. పానకం నాకూ ఒక గ్లాసు ఉంచు.